పరక వీపు, పరక పొట్ట: కర్ర లూర్లకు ఎయిర్ బ్రష్‌తో రంగులు

లూర్ అంటే గాలానికి ఎర బదులు కట్టే చేప బొమ్మ. కర్ర లూర్‌కు మామూలు కుంచెతో రంగు వేస్తే, ఎంత ఓపికగా వేసినా, వీపు రంగుకూ పొట్ట రంగుకూ మధ్య ఒక గీత మిగిలిపోతుంది. నిజం చేపకు ఆ గీత ఉండదు. నల్గొండ పక్కన పానగల్లు దగ్గర ఉదయసముద్రం కట్ట మీద వల దులుపుతుంటే ఒక పరకను, అదే మన చెరువుల్లో ఉండే చిన్న చేపను, తడి చేత్తో పట్టుకుని చూడండి. వీపు మీది బూడిద పచ్చ ఎక్కడ ఆగిందో, పక్కల మీది వెండి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించలేరు. నేను ఎయిర్ బ్రష్, అంటే గాలితో రంగును తుంపరగా చిమ్మే పరికరం, కొన్నది ఈ ఒక్క పని కోసమే, ఆ గీత లేకుండా చేయడానికి. పొలుసులు, మొప్పలు, కళ్లు, మెరుపులు అన్నీ తర్వాతి సంగతి. అవన్నీ బాగా కుదిరి ఈ రెండు రంగులు కలిసిపోవడం ఒక్కటి కుదరకపోతే లూర్ బొమ్మగానే మిగిలిపోతుందని నా గట్టి అభిప్రాయం.

నేను గాలం వేసేది ఎక్కువగా కొర్రమట్ట కోసం. నల్గొండ చుట్టుపక్కల చెరువులు, డిండి, అప్పుడప్పుడు సాగర్ వెనక నీళ్లు. మా వైపు పాతవాళ్లు కొర్రమట్టకు బతికున్న కప్పనో, చిన్న పరకనో ముల్లుకు గుచ్చి వేస్తారు. దానికి మించిన ఎర ఇప్పటికీ లేదు, అది ఒప్పుకోవాల్సిందే, కానీ బతికున్న కప్పను గుచ్చడం నాకు మొదటినుంచీ మనసొప్పదు. అందుకే లూర్ల వైపు వచ్చాను. కొన్న లూర్లు బాగానే పనిచేస్తాయి, ఆకారం, ఊపు అన్నీ బాగుంటాయి. కానీ డబ్బా మీద బ్లూగిల్ అనో, పెర్చ్ అనో, షాడ్ అనో రాసి ఉంటుంది. అవి అమెరికా చెరువుల్లో పెద్ద చేపలు తినే చిన్న చేపలు. మన కొర్రమట్ట పుట్టి బుద్ధెరిగి బ్లూగిల్‌ను చూడలేదు. దానికి తెలిసింది పరక, జిలేబి (తిలాపియా) చేప పిల్ల, కప్ప, రొయ్య. మన చెరువులో ఈదే దాన్ని చూసి మన చెరువుకు రంగు వేసుకుందామన్నదే ఇదంతా.

రంగు చూసి మోసపోయేది చేప కాదు, కొనేవాడే అని నాతో గాలానికి వచ్చే ఒక అన్న ఎప్పుడూ అంటుంటాడు. అందులో సగం నిజముంది. ఆకారం, బరువు, నీళ్లలో ఊగే తీరు ముందు, రంగు ఆ తర్వాతే. చేపకు ఒంటి పక్కన పార్శ్వరేఖ ఉంటుంది, నీటిలో చిన్న కదలికను కూడా దానితోనే పసిగడుతుంది, కాబట్టి బురద నీళ్లలో కంటికన్నా అదే ఎక్కువ పని చేస్తుంది. మిగతా సగం నీళ్ల రంగును బట్టి ఉంటుంది.

జూన్, జులైలో మొదటి వానలు పడి చల్క భూముల ఎర్ర నీళ్లు చెరువులోకి దిగినప్పుడు జానెడు లోతులో పెట్టిన చెయ్యి కనపడదు. అప్పుడు పొలుసు పొలుసూ దిద్దిన లూర్ వేసి లాభం లేదు, నల్ల వీపు, తెల్ల పొట్ట, గొంతు కింద నారింజ, అంతే చాలు. అలాంటి నీళ్లలో నీలం వెలుగు ముందు ఇంకిపోతుంది, పసుపు, నారింజ వైపు వెలుగే కాస్త లోపలికి పోతుంది. తేట నీళ్లలో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ లోతు పెరిగేకొద్దీ అన్నిటికన్నా ముందు ఎరుపు పోతుంది, మన కంటికి రక్తంలా మెరిసే లూర్ కింద ఉన్న చేపకు మసక బూడిద రంగులో కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ చాలా లోతుదాకా నిలబడతాయి. దసరా దాటాక ఉదయసముద్రంలో కృష్ణ నీళ్లు తేరుకుంటాయి, పైనుంచి చూస్తే రాళ్లు కనిపిస్తాయి. పరక రంగు లూర్ అసలు పనికొచ్చేది అప్పుడే.

నీటి మీద తేలే పాపర్ అనే రకం లూర్ సంగతి వేరే. కొర్రమట్ట కింది నుంచి పైకి చూస్తుంది, దానికి కనిపించేది పొట్ట ఒక్కటే, అదీ వెనకాల ఆకాశం వెలుగుతుండగా. అంత వెలుగులో పొట్ట మీది రంగు తేడాలు కనపడవు, మనిషి నీడ గోడ మీద పడ్డట్టు ఆకారం ఒక్కటే కనపడుతుంది. అందుకే నేను పాపర్లకు పొట్ట నల్లగా వేసి వీపు మటుకు ముదురు నారింజ వేస్తాను. ఆ నారింజ నా కోసం. పొద్దుగూకే వేళ తూటికాడల మధ్య లూర్ ఎక్కడుందో నాకు కనపడాలి కదా.

కర్ర గురించి ఎక్కువ చెప్పను. బాల్సా కర్ర హాబీ షాపుల్లో దొరుకుతుంది, తేలిక, కానీ చేప పళ్లకు తొందరగా సొట్ట పడుతుంది. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి దొరికితే దాన్ని వదలొద్దు, తేలికగా ఉంటుంది, చాకుకు మెత్తగా లొంగుతుంది, నార ఎగదు. మునిగే లూర్లకైతే వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు సరిపోతాయి. లోపలి తీగ, బరువుకు సీసం, లూర్‌ను నీళ్లలోకి దించే ముందు పెదవి (చిన్న పలక) అన్నీ బిగించి, పెదవికి మాస్కింగ్ టేప్ వేశాక ఫర్నిచర్‌కు వాడే సాండింగ్ సీలర్‌ను రెండు మూడు పూతలు పూసి, పూతకూ పూతకూ మధ్య 400 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్దాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత మంచి రంగు వేసినా దండగ. కర్ర ఏదో ఒక సందులోంచి నీళ్లు తాగి ఉబ్బుతుంది, పైపూత పగులుతుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. నేను వాడేది డబుల్ యాక్షన్ ఎయిర్ బ్రష్, 0.3 మిల్లీమీటర్ల నాజిల్, రంగు పోసే గిన్నె పైన ఉండే రకం. మీట కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. చిన్న కంప్రెసర్ చాలు కానీ దానికి గాలి నిల్వ ఉండే ట్యాంకు ఉన్నది తీసుకోండి, లేకపోతే గాలి దడదడా కొట్టుకుంటూ వస్తుంది, రంగులో ఆ అలలు కనిపిస్తాయి. చేతికి మొదట అలవాటు కావాల్సింది ఒకటే: ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి. గాలి ముందే ఆపేస్తే సూది మొన మీద మిగిలిన చుక్క తర్వాతి సారి చిట్లి లూర్ మీద పడుతుంది. ఇంకొకటి, చెయ్యి కదులుతూ ఉండగానే రంగు మొదలుకావాలి, లూర్ ముక్కు దాకా రాకముందే మొదలై తోక దాటాక ఆగాలి. లూర్ మీదే మొదలుపెట్టి లూర్ మీదే ఆపితే ఆ రెండు చోట్లా రంగు చిక్కగా పేరుకుంటుంది.

రంగులు నీటితో కలిసే అక్రిలిక్. బొమ్మలు వేసుకునే సీసా రంగులనే పలచన చేసి, పాత నైలాన్ సాక్సులోంచి వడకట్టి వాడుకోవచ్చు. గిన్నె గోడకు తగిలించి చూస్తే పాలంత పలచగా జారాలి. ఇక్కడ మనవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, రంగు కలపడానికీ బ్రష్ కడగడానికీ బోరు నీళ్లు వాడొద్దు. మన నల్గొండ బోరు నీళ్లు కాచిన గిన్నెలో అడుగున తెల్లగా ఎలా పేరుకుంటుందో ప్రతి ఇంట్లో తెలుసు, ఆ తెలుపే వెంట్రుకంత నాజిల్‌లో పేరుకుంటే ఇక రంగు రాదు. పెట్రోల్ బంకుల దగ్గర, మెకానిక్ షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్లు ఒక డబ్బా తెచ్చిపెట్టుకుంటే చాలాకాలం వస్తుంది.

పరక రంగు వేసే తీరు చెప్తాను. ముందు అంతా తెలుపు, గాలి ఒత్తిడి 25 పీఎస్‌ఐ దగ్గర, ఆరు అంగుళాల దూరం నుంచి, పలచగా మూడు నాలుగు సార్లు. ఒకేసారి తెల్లగా కావాలని ఆత్రపడితే కారుతుంది. ప్రతిసారీ హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. తెలుపు ఎందుకంటే పైన వేసే రంగులు పలచనివి, వాటిలోంచి కింది తెలుపు వెలగాలి, కర్ర రంగు కనపడితే అన్నీ మాసినట్టు అవుతాయి.

తర్వాత పొలుసులు. చాలామంది లూర్‌కు దోమతెర చుట్టి దాని మీద ముదురు రంగు కొడతారు. అలా చేస్తే కన్నాల్లోంచి ముదురు రంగు పడి, దారాలు ఉన్న చోట కింది లేత రంగు మిగులుతుంది, అంటే ముదురు పొలుసులకు లేత అంచులు వస్తాయి. నిజం పరకను చూస్తే అంతా తలకిందులు, పొలుసు మధ్యలో వెండి మెరుస్తుంది, అంచు ముదురుగా ఉంటుంది. కాబట్టి నేను ముందు పక్కల మీద ముదురు బూడిద వేసి, ఆరాక నెట్ బిగించి, దాని మీదినుంచి వెండి రంగు కొడతాను. నెట్ కూడా దోమతెర కాదు, మ్యాచింగ్ సెంటర్లో ఓణీలకు ఇచ్చే నెట్ క్లాత్. దోమతెర కన్నాలు చాలావరకు చదరంగా ఉంటాయి, ఓణీ నెట్‌వి ఆరు పలకలుగా ఉంటాయి, పొలుసుకు అవే దగ్గర. అర మీటరు తెచ్చుకుంటే ఎన్ని లూర్లకైనా సరిపోతుంది. పొట్ట కింద బట్టల క్లిప్పులతో బిర్రుగా పట్టించాలి, ఎక్కడ వదులైతే అక్కడ పొలుసు అలుక్కుపోతుంది. వెండి పూర్తిగా ఆరాకే నెట్ విప్పాలి. విప్పుతున్నప్పుడు పొలుసులు వరసగా బయటపడుతుంటే, ఆ సంతోషం వేరే, నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన నిమిషం అదే.

వీపుకు బూడిదలో కాస్త ఆకుపచ్చ, ఇంకా కాస్త గోధుమ రంగు కలిపి, నాలుగైదు అంగుళాల పైనుంచి నేరుగా వీపు మీదికి కొట్టుకుంటూ పోవాలి. పక్కలకు కొట్టకూడదు. వీపు మీద పడ్డ రంగు చిక్కగా కూర్చుంటుంది, అంచున తేలిపోయే సన్నటి తుంపర మటుకు పక్కల మీద పలచగా వాలుతుంది, కిందికి పోయేకొద్దీ ఇంకా పలచన. మొదట్లో చెప్పిన గీతను చెరిపేసేది ఆ తుంపరే, మనం విడిగా చేయాల్సింది ఏమీ లేదు, బ్రష్‌ను నిటారుగా పట్టుకోవడం తప్ప. ఆ తర్వాత లూర్‌ను తిప్పి పొట్టకు ముత్యపు తెలుపు, అదీ ఇలాగే కింది నుంచి నేరుగా. మొప్ప అంచుకు ప్లాస్టిక్ ఫైల్ కవర్ ముక్కను వంపుగా కత్తిరించి ఆనించి కొట్టాలి. గొంతు కింద పలచటి ఎరుపు, చిటికెడంత.

పరక గుర్తు తోక మొదట్లో నల్ల చుక్క. వీపు రెక్క అడుగున ఇంకో చుక్క ఉంటుంది. దీన్ని పెన్నుతో పెట్టేయొచ్చు కదా అని అడుగుతారు, పెట్టొచ్చు, కానీ పరక చుక్కకు అంచు ఉండదు, మధ్యలో నలుపు, చుట్టూ పొగచూరినట్టు మసక. గాలిని 12 పీఎస్‌ఐకి తగ్గించి, రంగు ఇంకాస్త పలచన చేసి, అర అంగుళం దగ్గరికి తెచ్చి మీటను లాగీ లాగనట్టు లాగాలి. ముందు చేతి గోరు మీదో పేపర్ మీదో ఒకసారి కొట్టి చూసుకుని లూర్ మీదికి రండి. వానాకాలంలో మగ పరకలకు పక్కల మీద ఎర్రటి చార వస్తుంది, ఆ కాలానికి చేసే లూర్లకు తల నుంచి తోక దాకా పలచటి నారింజ ఎరుపు ఒక్కసారి లాగుతాను. కళ్లకు అగ్గిపుల్ల వెనక భాగంతో లేత పసుపు చుక్క, అది ఆరాక గుండుసూది తలతో నల్ల చుక్క. కన్ను కాస్త పెద్దదిగానే ఉంచండి, చిన్న చేప పిల్లలకు ఒంటితో పోలిస్తే కళ్లు పెద్దవే ఉంటాయి.

ఎండాకాలం మన దగ్గర ఇంకో తిప్పలు. గదిలోనే 38, 40 డిగ్రీలుంటే రంగు సూది మొన మీదే ఆరిపోతుంది, రెండు నిమిషాలకోసారి బ్రష్ ఉమ్మడం మొదలుపెడుతుంది. ఆరడం నెమ్మదించే రిటార్డర్ అమ్ముతారు, అది లేకపోతే గిన్నెలో ఒక చుక్క గ్లిజరిన్ వేస్తే కొంత నయం. ఎక్కువ వేస్తే రంగు జిగటగా ఉండిపోతుంది. తడి కుంచె పక్కన పెట్టుకుని మొనను తుడుస్తూ ఉండాలి. నేనైతే ఏప్రిల్, మేలో తెల్లవారకముందే పని కానిచ్చేస్తాను. వానాకాలంలో మళ్లీ కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి, కింద ఉండే మరను విప్పి వదిలేయాలి, గొట్టానికి తేమ పట్టే గిన్నె తప్పనిసరి. ఇక కడగడం: రంగు మార్చిన ప్రతిసారీ గిన్నె కడగాలి, పని అయిపోయాక సూది తీసి తుడవాలి. సూదిని లాగేటప్పుడు, పెట్టేటప్పుడు మొన ఎక్కడా తగలకూడదు, ఆ మొన కంటికి కనపడనంత వంగినా రంగు ఒక పక్కకే పోతుంది. మాస్క్ పెట్టుకోండి. నీటి రంగే కదా అనుకోవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయేది సన్నటి రంగు పొడి.

పైపూతకు ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడేది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు అతికించే ఎపాక్సీ పసుపు కొడుతుంది, ఇప్పుడు రెజిన్ ఆర్ట్ చేసేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి తేట రెజిన్ సులువుగానే దొరుకుతోంది. సీసా మీద ఎన్ని పాళ్లకు ఎన్ని పాళ్లు అని రాసి ఉందో అంతే, మెడికల్ షాపులో సిరంజిలు తెచ్చుకుని కొలవండి, కంటి అంచనా వద్దు. చేతులకు గ్లౌజులు ఉండాలి, కొందరి ఒంటికి అది పడదు, దురద పుడుతుంది. పూసిన లూర్ ఆరేదాకా నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే రెజిన్ అంతా కిందికి దిగి బొట్టు కడుతుంది. దీనికి పాడైన మైక్రోవేవ్ ఓవెన్లో పళ్లెం తిప్పే మోటారు భేషుగ్గా సరిపోతుంది. రిపేరు షాపుల్లో అడిగితే ఇస్తారు, కోఠి గుజరాతీ గల్లీలో కొత్తది కూడా దొరుకుతుంది. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. ఆన్ చేసినప్పుడల్లా ఏ వైపు తిరుగుతుందో చెప్పలేం, దాంతో మనకు నష్టమేమీ లేదు. కొన్ని 220 వోల్టులవి, కొన్ని 21 వోల్టులవి ఉంటాయి, దాని మీద రాసింది చూసుకుని, వైర్ల అతుకులు డబ్బా లోపల ఉండేలా బిగించుకోండి. ముసురు పట్టిన రోజు ఎపాక్సీ పూస్తే పైన నూనె జిడ్డులాంటి పొర వస్తుంది, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి రెండో పూత వేస్తే పోతుంది.

ఇవన్నీ లేని రోజుల్లో ఫిన్లండ్‌లో లారి రాపాలా అనే చేపలు పట్టే మనిషి 1936లో కార్కును చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫోటో నెగెటివ్‌లు కరిగించి పైపూత పూసి లూర్ చేశాడు. రాపాలా కంపెనీ అక్కడ మొదలైంది. నాకు అందులో నచ్చేది రేకూ కాదు, నెగెటివ్‌లూ కాదు. చిన్న చేపల గుంపులో దెబ్బ తిన్న ఒక్కదాన్నే పెద్ద చేప ఎందుకు వెంటాడుతోందో ఆయన తాను చేపలు పట్టే సరస్సులో చూశాడు, దాన్నే చెక్కాడు. మన చెరువుల దగ్గర కూడా ఆ చూడటమే ముందు జరగాలి, ఎయిర్ బ్రష్ ఆ తర్వాత.

చెరువుకు పోయేముందు మత్స్య సహకార సంఘం వాళ్లను అడగడం మర్చిపోవద్దు, చెరువులో చేపల మీద హక్కు వాళ్లది. వానాకాలంలో కొర్రమట్ట తల్లీ తండ్రీ రెండూ పిల్లల గుంపును కాస్తుంటాయి, నీటి మీద ఎర్రగా కలియతిరిగే ఆ గుంపు కనిపిస్తే దాని దరిదాపుల్లో లూర్ వేయను, వేయొద్దు కూడా. కాపలా ఉన్నవాటిని తీసేస్తే పిల్లలన్నీ మిగతా చేపల నోట్లోకే.

కట్ట మీద వల బాగు చేసుకునే ఒక కాక ఉన్నాడు. కొత్త లూర్ చేసిన ప్రతిసారీ ఆయనకు చూపిస్తాను, చేప రంగు ఆయనకంటే బాగా చెప్పేవాళ్లు నాకు తెలియదు. ఈమధ్య పరక లూర్‌ను అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో పొట్ట రుద్ది, "పొట్ట గింత తెల్లగుండదు బిడ్డా, మన చెరువుల పరకకు జరంత పసుపు కొడ్తది. కృష్ణ నీళ్లల్ల పట్టింది జూడు, గది తెల్లగుంటది" అన్నాడు. రెండు చోట్ల పరకలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా నిజంగానే కనిపించింది. ఇప్పుడు చెరువుల కోసం చేసేవాటికి ముత్యపు తెలుపులో చుక్క పసుపు కలుపుతున్నాను, ఉదయసముద్రానికి చేసేవి అలాగే తెల్లగా ఉంచుతున్నాను, డబ్బాలో రెండూ విడివిడి అరల్లో పెట్టుకుంటున్నాను. తర్వాత చేయబోయేది జిలేబి పిల్ల, దాని అడ్డ చారలకు ఫైల్ కవర్‌తో అచ్చు కత్తిరించడం మొదలుపెట్టాను, చారల అంచులు మసకగా రావాలంటే అచ్చును లూర్‌కు ఆనించకుండా ఎంత ఎత్తులో పట్టుకోవాలో ఇంకా చూస్తున్నాను.